రైల్వే సమ్మె – ప్రజాజీవనం

కృష్ణానది ఒడ్డున వెలసిన విజయవాడ దక్షిణ భారతానికి రైలు ముఖద్వారం వంటిది. హౌరా నుండి తూర్పుతీరం వెంబడి వచ్చే మార్గమూ, ఢిల్లీ నుండి కాజీపేట, ఖమ్మం మీదుగా వచ్చే మార్గమూ ఇక్కడ కలిసి, కృష్ణ వంతెన దాటి తెనాలి, గూడూరుల మీదుగా చెన్నైకి సాగుతాయి. మరొక మార్గం గుంటూరుకు పోతుంది. ఇంకొకటి డెల్టాలోని గుడివాడకు చేరి, అక్కడ చీలి, ఒక పాయ మచిలీపట్నానికి, మరొకటి భీమవరానికి వెళుతుంది. ఇన్ని దారులు కలిసే చోట బండి ఒక గంట ఆగినా దాని ప్రభావం వందల మైళ్ల దూరం వరకు కనిపిస్తుంది. అటువంటిది దేశమంతటా రైల్వే కార్మికులు ఒక్కసారిగా పని మానివేస్తే ఏమవుతుంది? 1974 మే నెలలో జరిగిన సమ్మె ఈ ప్రశ్నకు సమాధానం చెప్పింది.

ప్రయాణికునికి రైలులో కనిపించేవారు కొద్దిమందే. కాని బండి కదలడానికి ఎందరి చేతులో తోడుకావాలి. ఆ రోజులలో ఆవిరి యంత్రాలు ఇంకా విరివిగా నడిచేవి. డ్రైవరుతోపాటు బొగ్గు వేసే ఫైర్‌మన్, వెనుక పెట్టెలో గార్డు ఉండేవారు. స్టేషన్ మాస్టరు దారి ఇవ్వాలి. క్యాబిన్‌లోని ఉద్యోగి సిగ్నలు వాల్చాలి. పాయింట్స్‌మన్ పట్టాలు మార్చాలి. గ్యాంగ్‌మన్లు ఎండనక, వాననక పట్టాల వెంట నడిచి వాటిని కాపాడాలి. ఈ గొలుసులో ఏ ఒక్క కొంకి ఊడినా బండి ముందుకు సాగదు. రైల్వే కార్మికుల బలం ఇందులోనే ఉంది. వారి బాధ్యత కూడా ఇందులోనే ఉంది.

ఇంత పెద్ద సమ్మెకు కారణాలు ఒక్కనాటివి కావు. కర్మాగారంలోని కార్మికుడు గంట కొట్టగానే ఇంటికి పోగలడు. బండి ఆలస్యమైతే డ్రైవరు పని కూడా దానితోపాటు పొడుగవుతుంది. ఈ విషయమై 1973లో ఇంజన్ సిబ్బంది సమ్మె చేయగా, పనివేళ పది గంటలకు మించకుండా చూస్తామని ప్రభుత్వం హామీ ఇచ్చింది. ఎనిమిది గంటల పనిదినం మాత్రం కోరికగానే మిగిలిపోయింది. రెండవది బోనస్ సమస్య. 1965 నాటి బోనస్ చట్టం రైల్వే ఉద్యోగులకు వర్తించలేదు. ప్రభుత్వ రంగ పరిశ్రమలలోని కార్మికులు ఏడాదికి కనీసం 8.33 శాతం, అనగా ఇంచుమించు ఒక నెల జీతం, బోనస్‌గా పొందుతుండగా తమకు ఎందుకు ఇవ్వరని వారు అడిగారు. పైగా ఆ సంవత్సరాలలో ధరలు మండిపోతున్నాయి. నెల జీతం నెలాఖరు వరకు చాలని పరిస్థితి ఏర్పడింది.

1974 ఫిబ్రవరిలో వివిధ సంఘాలు కలిసి జాతీయ సమన్వయ సంఘంగా ఏర్పడ్డాయి. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ అధ్యక్షుడు జార్జి ఫెర్నాండెజ్ దానికి నాయకత్వం వహించాడు. ఏప్రిల్ 23న సమ్మె నోటీసు ఇచ్చారు. రైల్వే మంత్రి లలిత్ నారాయణ మిశ్రా హయాంలో చర్చలు సాగుతుండగానే మే 2న ఫెర్నాండెజ్ అరెస్టయ్యాడు. దానితో చర్చలు చెడిపోయాయి. మే 8న సమ్మె ప్రారంభమైంది. సుమారు 17 లక్షల మంది రైల్వే కార్మికులకు సంబంధించిన పోరాటమది. ప్రభుత్వం దానిని చట్టవిరుద్ధమని ప్రకటించి, వేలాది మందిని నిర్బంధించింది. ఎందరో ఉద్యోగాలు పోగొట్టుకున్నారు. రైల్వే క్వార్టర్లలోని కుటుంబాలను వీధిపాలు చేసిన సంఘటనలూ జరిగాయి. ఇరవై రోజుల తరువాత, మే 27న, కోరికలు నెరవేరకుండానే సమ్మెను విరమించారు.

అది వైశాఖమాసం. పెళ్లి ముహూర్తాలు, వేసవి సెలవులు, మామిడిపండ్లు అన్నీ కలిసివచ్చే కాలం. ప్రాదేశిక సైన్యం సాయంతోను, పనికి వచ్చిన సిబ్బందితోను ప్రభుత్వం కొన్ని బండ్లను నడిపించింది. బొగ్గు, ఆహారధాన్యాలు వంటి సరకుల రవాణాకు ప్రాధాన్యం ఇచ్చింది. ఇటువంటి సమయంలో మొదట నష్టపోయేది పాసింజరు బండి. మెయిలు ఆగితే పత్రికలలో వార్త అవుతుంది. పల్లె స్టేషనులో ఆగే పాసింజరు రాకపోతే ఆ ఊరివారికే తెలుస్తుంది. డెల్టా గ్రామాలనుండి పాలు, కూరగాయలు బస్తీకి తెచ్చి అమ్ముకొనేవారికి, పరీక్షలకు, ఆసుపత్రులకు వెళ్లవలసినవారికి అదే ఆధారం. బస్సు ఛార్జీ భరించగలవాడు బస్సెక్కుతాడు. భరించలేనివాడు ప్రయాణం మానుకుంటాడు. తగవు కార్మికునికి, ప్రభుత్వానికి మధ్య. దాని బరువులో పెద్ద పాలు మోసేది మాత్రం ఆ తగవుతో సంబంధం లేని పేదవాడు.

ఈ చరిత్రలో తెలుగువారు గుర్తుంచుకోదగిన విశేషం ఒకటి ఉంది. ఆనాటి రాష్ట్రపతి వరాహగిరి వెంకటగిరి స్వయంగా రైల్వే కార్మిక నాయకుడు. 1894లో బరంపురంలో జన్మించిన ఆయన బెంగాల్ నాగపూర్ రైల్వే కార్మికుల సంఘాన్ని నడిపించాడు. హౌరా నుండి వాల్తేరు వరకు ఉన్న తూర్పుతీర మార్గం ఆ రైల్వేదే. తొలగింపునకు గురైన కార్మికుల కోసం 1928లో ఆయన నడిపిన సమ్మె శాంతియుతంగా సాగి, పేరు పొందింది. అఖిల భారత రైల్వేమెన్ ఫెడరేషన్ స్థాపకులలో ఆయన ఒకడు. ఆ సంఘమే 1974 సమ్మెకు ముందు నిలిచింది. యజమాని, కార్మికుడు ఎదురెదురుగా కూర్చుండి మాట్లాడుకొని తగవు తీర్చుకోవాలనీ, తీర్పు పైనుండి రుద్దరాదనీ గిరి దృఢంగా నమ్మాడు. దీనికే ‘గిరి విధానం’ అని పేరు. రైల్వేలలో అధికారులు, సంఘాలు కలిసి చర్చించుకొనే శాశ్వత యంత్రాంగం కూడా 1952 నుండి ఉంది. మార్గం లేక కాదు, ఆ మార్గంలో ఇరుపక్షాలూ చివరిదాకా నడవకపోవడం వల్లనే 1974లో చక్రాలు ఆగిపోయాయి.

తరువాతి పరిణామాలు ఈ మాటనే బలపరుస్తున్నాయి. 1977లో ప్రభుత్వం మారగా, రైల్వే మంత్రి మధు దండవతే సమ్మె కారణంగా తొలగించబడినవారిని తిరిగి ఉద్యోగాలలోకి తీసుకున్నాడు. 1979–80 నుండి రైల్వే ఉద్యోగులకు ఉత్పాదకతతో ముడిపడిన బోనస్ లభిస్తున్నది. 1974లో అసాధ్యమన్నది అయిదారేండ్లలో సాధ్యమైంది. అయితే ఈ మధ్యలో జైలుకు వెళ్లినవారి రోజులనూ, ఇల్లు విడిచిన కుటుంబాల కన్నీళ్లనూ, ప్రయాణాలు ఆగిపోయిన సామాన్యుల నష్టాన్నీ ఎవరూ తిరిగి ఇవ్వలేకపోయారు.

సమ్మె కార్మికుని చేతిలోని చివరి ఆయుధం. ఆ ఆయుధం లేనినాడు అతని మాట వినేవారుండరు. దానిని ఎత్తవలసిన అవసరం కలుగకుండా చూడడం ప్రభుత్వ ధర్మం; ఎత్తేముందు స్టేషనులో బండికై ఎదురుచూసే బాటసారిని తలచుకోవడం కార్మికుని ధర్మం. ఈ రెండు ధర్మాలూ రెండు పట్టాల వంటివి. అవి సరిగా ఉన్నప్పుడే బండి గమ్యం చేరుతుంది.