మీకు తెలుసా? నోరెండితే మెతుకు దిగదు

ఆరోగ్యవంతుడి నోట్లో రోజుకు అర లీటరు నుంచి లీటరున్నర దాకా లాలాజలం ఊరుతుంది. నోటి, గొంతు క్యాన్సర్లకు ఇచ్చే రేడియేషన్ దారిలో లాలాజల గ్రంథులు పడితే ఆ ఊట తగ్గిపోతుంది. చెవుల ముందుండే పరోటిడ్ గ్రంథులను వీలైనంత తప్పించి కిరణాలను మలిచే ఐఎంఆర్‌టీ పద్ధతి వచ్చాక ఈ బాధ కొంత తగ్గింది. చికిత్సకు ముందే డాక్టరును ఈ పద్ధతి గురించి అడగండి.

నోరెండినవాళ్లకు ఉత్త అన్నం ముద్ద గొంతులో అడ్డం పడుతుంది. మజ్జిగ పోసి మెత్తగా పిసికిన అన్నం, పలుచని పప్పు, జావ సులువుగా దిగుతాయి. ఆవకాయ కొన్నాళ్లు పక్కన పెట్టాల్సిందే. తెలుగువాళ్లకు అది చిన్న కష్టమేమీ కాదు! గుక్కెడు గుక్కెడుగా నీళ్లు తాగుతుండాలి. చక్కెర లేని చూయింగ్ గమ్ నమిలితే మిగిలిన గ్రంథులు కాస్త పనిచేస్తాయి. పైలోకార్పిన్ మాత్రలు కొందరికి పనికొస్తాయి, డాక్టరు రాస్తేనే వాడాలి.

అందరూ మరిచేది పళ్లు. లాలాజలం కాపలా లేక అవి త్వరగా పుచ్చుతాయి, కాబట్టి ఫ్లోరైడ్ పేస్టు తప్పనిసరి. రేడియేషన్ తర్వాత పన్ను పీకిస్తే దవడ ఎముక మానకపోయే ప్రమాదం ఉంది. ఎన్నేళ్లు గడిచినా దంతవైద్యుడికి రేడియేషన్ తీసుకున్న సంగతి ముందే చెప్పండి.