వార్తలు చూస్తే భయం... చదివితే?

"పొద్దున్నే ఆ హత్యలూ, యాక్సిడెంట్లూ చదివి బుర్ర పాడుచేసుకోవడం ఎందుకక్కా? నేను పేపరు మాన్పించేశాను" అంటుంది మా తోడికోడలు. ఆమె మాటలో కొంత నిజం లేకపోలేదు. కానీ ఆ ఇంట్లో టీవీ మాత్రం రాత్రి పదింటిదాకా మోగుతూనే ఉంటుంది!

2019 నవంబరు చివర్లో శంషాబాద్ దగ్గర పశువైద్యురాలు 'దిశ' మీద జరిగిన ఘోరం మీకు గుర్తుండే ఉంటుంది. ఆ వారమంతా ఏ ఛానెల్ పెట్టినా అదే. అదే టోల్‌ప్లాజా, అదే స్కూటీ, అదే వంతెన. చూసి చూసి మా అత్తగారికి నిద్ర కరువైంది. మావారైతే ఏకంగా "హైదరాబాదూ వద్దు, హాస్టలూ వద్దు. పిల్లని తీసుకొచ్చేసి ఇక్కడే తెనాలిలో ఏదో డిగ్రీలో చేర్పిద్దాం" అన్నారు. అమ్మాయి అప్పటికి ఇంజినీరింగ్ రెండో ఏడు. నేరం చేసిందెవరో, చదువు ఆగేదెవరిదో చూడండి!

ఆయనతో వాదించలేదు. ఆ వారం పేపర్లన్నీ ముందేసుకుని కూర్చున్నాను. టీవీ పదేపదే చూపించిన దానికన్నా పనికొచ్చే సంగతి అందులో దొరికింది. రాత్రివేళ ఫిర్యాదు చెయ్యబోయిన ఇంటివాళ్లని 'ఇది మా పరిధి కాదు' అని తిప్పారట. ఆ జాప్యానికి ముగ్గురు పోలీసులు సస్పెండయ్యారు. నేరం ఎక్కడ జరిగినా సరే, ఏ స్టేషన్‌లోనైనా 'జీరో ఎఫ్‌ఐఆర్' రాయించుకోవచ్చు, తర్వాత దాన్ని సంబంధిత స్టేషన్‌కి వాళ్లే పంపాలి. (2024 జులై 1న అమల్లోకి వచ్చిన భారతీయ నాగరిక సురక్షా సంహిత 173వ సెక్షన్‌లో ఇది స్పష్టంగా ఉంది.)

ఆ రాత్రే అమ్మాయికి ఫోన్ చేసి జీరో ఎఫ్‌ఐఆర్ గురించీ, 100, 112 నంబర్ల గురించీ, 2014 నుంచి హైదరాబాదులో పనిచేస్తున్న షీ టీమ్స్ గురించీ చెప్పాను. "నాకన్నా నీకే ఎక్కువ తెలుసే అమ్మా!" అంది. తర్వాత అవే మాటలు మావారికీ చెప్పాను. ఆయన మెత్తబడడానికి నాలుగు రోజులు పట్టిందనుకోండి. అమ్మాయి మాత్రం హాస్టల్ ఖాళీ చెయ్యలేదు, అక్కడే ఇంజినీరింగ్ పూర్తి చేసింది.

ఇప్పుడు మధ్యాహ్నం వంటిల్లు సర్దుకున్నాక అరగంట పేపరుకి కేటాయిస్తాను. లోపలి పేజీలూ వదలను. ఇంట్లోవాళ్లకో, పక్కింటివాళ్లకో చెప్పాల్సింది కనబడితే కత్తిరించి దాస్తాను. సెల్లులో వచ్చే ఫార్వర్డుల జోలికి మాత్రం పోను. రాత్రి ఎనిమిది తర్వాత టీవీ అత్తగారి సీరియళ్లదే. క్రికెట్ ఉన్న రోజున మాత్రం తల్లీకొడుకులే తేల్చుకుంటారు.