కోడి అంటే పుంజు కాదు, మరవ!
గుడిబండె చెరువు కట్ట మీద ఒక పూట నడక

‘‘సార్, ఆ యేడు వానలకి మా చెరువు కోడి పారింది!’’

గుడిబండె అమాని భైరసాగరం కట్ట మీద నడుస్తుంటే ఆరో తరగతి పిల్లవాడు ఒకడు ఉత్సాహంగా చెప్పిన మాట ఇది. మా వెంట ఉన్నవాళ్లలో ఆంధ్ర నుంచి వచ్చిన ఒక మిత్రుడు పకపకా నవ్వాడు. ‘‘కోడి పరుగెత్తింది అనాలిరా, పారింది అనకూడదు’’ అని దిద్దబోయాడు. పిల్లవాడి ముఖం చిన్నబోయింది. తర్వాత చాలాసేపు వాడు తెలుగులో నోరు విప్పలేదు.

వాడు తప్పు మాట్లాడలేదు. కన్నడంలో ‘కోడి’ అంటే చెరువు నిండాక మిగులు నీరు బయటికి పొర్లే చోటు. బడిలో నేర్చిన ఆ కన్నడ మాటను ఇంటి తెలుగు వాక్యంలో పెట్టాడు, అంతే. కట్ట కింద గొర్రెలు మేపుకుంటున్న ఒక పెద్దాయన మా గొడవంతా విని చిక్కు విప్పాడు. ‘‘మీరు నవ్వేదేముంది నాయనా? ఇస్కూల్లో కోడి అంటారు. మా ఇండ్లల్లో మరవ అంటాము. నీళ్లు పొయ్యే దావ ఒకటే కదా!’’

ఆ ఒక్క ముక్కతో మాకు ఆ పూట పాఠం మొదలైంది. కన్నడ రాష్ట్రంలో తెలుగు ఇళ్ల పిల్లలకు పాఠం చెప్పే ఉపాధ్యాయులు ఈ నడకను తప్పక చేయించాలని మేము అనుకోవడానికి కారణం కూడా అదే.

పేరులోనే రెండు భాషలు

బెంగళూరు నుంచి హైదరాబాదు వెళ్లే 44వ నంబరు జాతీయ రహదారిలో పేరేసంద్ర దగ్గర దిగి లోపలికి వెళితే గుడిబండె వస్తుంది. బెంగళూరు నుంచి సుమారు 90 కిలోమీటర్లు. 2007లో కోలారు నుంచి విడిపోయిన చిక్కబళ్లాపురం జిల్లాలో ఇదొక తాలూకా కేంద్రం. బాగేపల్లి, చింతామణి వైపు లాగే ఇక్కడి పల్లెల్లోనూ ఇంటి మాట తెలుగు, బడి మాట కన్నడం.

నడక మొదలుపెట్టే ముందే పిల్లలను ఒక ప్రశ్న అడగండి: గుడిబండె తెలుగు పేరా, కన్నడ పేరా? గుడి రెండు భాషల్లోనూ గుడే. తెలుగులో బండ, కన్నడంలో బండె. పెద్ద బండ, దాని నెత్తిన గుడి. ఊళ్లో ఏ మూల నిలబడి తలెత్తినా ఆ పేరు కళ్లకు కనిపిస్తుంది. చెరువు పేరు ఇంకా తమాషా. ‘అమాని’ పాత రెవెన్యూ లెక్కల మాట, పారసీ దారిలో మనకు వచ్చింది. గుత్తకు ఇవ్వకుండా సర్కారే నేరుగా చూసుకునేదానిని అమాని అనేవారు. భైరుడు ఇక్కడి పాళెగాడి పేరులోని వాడు. సాగరం సంస్కృతం. ఒక్క చెరువు పేరులో ఇన్ని భాషలు పక్కపక్కనే కూర్చుని ఉన్నాయి, ఒకదాన్ని చూసి ఒకటి నవ్వుకోకుండా.

కట్ట మీద చదివే పాఠం

కట్ట మీద నడక తేలిక. ఎత్తుపల్లాలు లేవు, చిన్న తరగతుల పిల్లలు కూడా నడవగలరు. ఒక పక్క నీళ్లు, ఒక పక్క పొలాలు. తూర్పు ఎండ ఎక్కకముందే బయలుదేరితే నీటి పక్షులు కనిపిస్తాయి.

నడుస్తూ ఒక్కొక్క భాగం దగ్గర ఆగి పేరు అడగాలి. ఈ సీమ పాత చెరువులన్నిటికీ ఒళ్లు ఒకటే: నీటిని ఆపే కట్ట, కట్టకు నీటివైపున పేర్చిన రాళ్లు, నీటిని పొలాలకు వదిలే తూము, మిగులు నీరు పోయే మరవ, తూము కింద తడిసే ఆయకట్టు. తూమును కన్నడంలో తూబు అంటారు. కట్టను కట్టె అంటారు. చెరువు మాత్రం కెరె అయింది. మరవ కోడి అయింది. పిల్లలు పుస్తకంలో రెండు గీతలు గీసి ఒక వైపు ఇంటి మాట, ఒక వైపు బడి మాట రాసుకుంటే పావుగంటలో ఒక చిన్న నిఘంటువు తయారవుతుంది. మా వెంట వచ్చిన పిల్లలకు కెరె, కోడి, తూబు అన్నీ తెలుసు. మరవ మాట మాత్రం ఇద్దరికే తెలుసు. ఆ ఇద్దరూ అవ్వల దగ్గర పెరిగినవాళ్లు.

ఇక్కడ ఆగి ఆలోచించాలి. మాట ఎందుకు పోతుంది? పని పోతే పోతుంది. వెనక ఊరూరా నీరుగంటి ఉండేవాడు. ఏ పొలానికి ఎంతసేపు నీరు వదలాలో ఆయనకే తెలుసు. తూము తియ్యడం, మూయడం ఆయన పని. పేరున్న పెద్ద నది ఏదీ ఏడాది పొడుగునా పారని సీమ ఇది. చిత్రావతి ఈ జిల్లాలోనే పుట్టి, బాగేపల్లి మీదుగా ఆంధ్రలోకి దిగి, పుట్టపర్తి పక్కగా పోయి పెన్నలో కలుస్తుంది. అదీ వాన పడితేనే. అందుకే ముందటి తరాలు చెరువు కింద చెరువు కట్టుకున్నాయి. పై చెరువు మరవ పారితే కింది చెరువు నిండేది. బోర్లు వచ్చాక చెరువు మీద చూపు తగ్గింది. బోర్లు వెయ్యి అడుగులు దాటాయి. లోతు నీళ్లలో ఫ్లోరైడు వచ్చింది. బాగేపల్లి వైపు పల్లెల్లో పిల్లల పళ్ల మీద ఆ గార నేటికీ కనిపిస్తుంది. కాబట్టి మరవ అనే మాట గుర్తుండటం ఒక్క భాష గొడవ కాదు. మరవ ఎక్కడుందో తెలిసినవాడే దానికి అడ్డంగా ఇల్లు కట్టకూడదని చెప్పగలడు.

కోటలో దాచిన వాన

కట్ట మీద నడక అయ్యాక గుట్ట ఎక్కాలి. 17వ శతాబ్దంలో భైరేగౌడ అనే స్థానిక పాళెగాడు ఈ కోట కట్టించాడని చెబుతారు. చెరువు కూడా ఆయన చలవేనని ఊరి మాట. ఉన్నవాళ్ల దగ్గర తీసి లేనివాళ్లకు పెట్టాడని ఆయన గురించి కథలు చెప్పుకుంటారు. కథను కథగానే పిల్లలకు చెప్పండి. ‘ఇది రాతలో ఉందా, నోటి మాటా?’ అని అడిగే అలవాటు ఆరో తరగతి నుంచే రావాలి.

కోట ఏడు అంచెలుగా కొండకు చుట్టుకుని ఉంటుంది. మధుగిరి కోటకు చిన్న తమ్ముడిలా ఉంటుందని చూసినవాళ్లు అంటారు. మెట్లు, వంగి దూరాల్సిన వాకిళ్లు, సగం కూలిన బురుజులు దాటుకుంటూ పోతే పైన శివాలయం వస్తుంది. మాకు అన్నిటికంటే నచ్చినవి దారిలోని దొనలు. బండ మీద పడిన వాన చుక్క వృథా పోకుండా రాతి గుంటల్లోకి చేరేలా చేశారు. అలాంటివి 19 ఉన్నాయని చెబుతారు. కింద చెరువు ఊరికి, పైన దొన కోటకు. కిందా పైనా ఆలోచన ఒకటే, పడిన చోటే వానను పట్టుకోవడం.

పైనుంచి చూస్తే నిండిన భైరసాగరం భారతదేశ పటంలా కనిపిస్తుంది. పిల్లలు ఈ సంగతి ముందే విని ఉంటారు. అయినా కళ్లారా చూసి కేకలు పెడతారు. ఆ నీటి పటంలో మన గుడిబండె ఎక్కడ రావాలో వేలు పెట్టి చూపించమనండి. భూగోళ పాఠం అక్కడే అయిపోతుంది.

పోరుమామిళ్ల రాయి చెప్పింది

కోట నీడలో కూర్చున్నప్పుడు పిల్లలకు ఇంకో చెరువు కథ చెప్పాము. కడప జిల్లా పోరుమామిళ్లలో 1369 నాటి శాసనం ఒకటి ఉంది. విజయనగర రాజు బుక్కరాయల కొడుకు భాస్కరుడు, భవదూరుడని కూడా అంటారు, అక్కడ పెద్ద చెరువు తవ్వించి ఆ సంగతి రాతిమీద చెక్కించాడు. రోజుకు వెయ్యి మంది కూలీలు, వంద బండ్లు, రెండేళ్ల పని. మంచి చెరువుకు కావలసిన పన్నెండు అంగాలు, ఉండకూడని ఆరు దోషాలు అందులో ఉన్నాయి. కట్టలో నీరు ఊరడం ఒక దోషం. చవుడు నేల ఒక దోషం. రెండు రాజ్యాల ఎల్ల మీద చెరువు ఉండటం కూడా దోషమే, తగవులు వస్తాయని కాబోలు.

అది విని మొదట చిన్నబుచ్చుకున్న ఆ పిల్లవాడే మళ్లీ నోరు విప్పాడు. ‘‘మరి మేము ఎల్ల మీదే ఉన్నాము కదా సార్. మా మాట కూడా దోషమేనా?’’

మా దగ్గర తయారుగా జవాబు లేదు. వాడి ఉపాధ్యాయురాలు చెప్పారు: ‘‘రెండు రాజులకు ఒక చెరువు ఉంటే తగవు. ఒక పిల్లవాడికి రెండు మాటలుంటే ఎవరికి తగవురా? నీకు కోడీ తెలుసు, మరవా తెలుసు. మాకే ఒకటి తక్కువ.’’

రాజ్యాంగం 350ఏ అధికరణ ప్రాథమిక దశలో తల్లిభాషలో చదువు చెప్పే వసతి కల్పించమంటుంది. 1956లో చేర్చిన అధికరణ అది. తెలుగు బడులు, తెలుగు పంతుళ్లు అడగడం మన హక్కు, అడుగుదాం. ఈలోపు చెరువు కట్ట ఉంది. దానికి ఎవరి అనుమతి ఉత్తర్వూ అక్కర్లేదు.

తీసుకెళ్లే ఉపాధ్యాయులకు

శని, ఆదివారాల్లో కొండ మీద జనం ఎక్కువ, పని రోజు ఉదయం మేలు. నీళ్లు, టోపీలు మరిచిపోవద్దు. తూము దగ్గర, దొనల దగ్గర పిల్లలను చేయి పట్టుకునే నడిపించాలి, ఈత మాట ఎత్తనివ్వొద్దు. చిన్నవాళ్లను మొదటి వాకిళ్ల దాకానే తీసుకెళ్లి దింపేయండి, చూడటానికి అదే చాలు. తినుబండారాలు చేతిలో కనిపిస్తే కోతులు ఊరుకోవు. గోడల మీద పేర్లు చెక్కకూడదని ముందే చెప్పి ఎక్కించండి.

ఇంటికి వెళ్లాక చేయాల్సిన పని ఒకటే. ప్రతి పిల్లా తన అవ్వనో తాతనో అడిగి చెరువు మాట ఒకటి తేవాలి. మేము బస్సెక్కేటప్పుడు ఆ పిల్లవాడు కిటికీ దగ్గరికి వచ్చి అరిచాడు: ‘‘సార్, ఈసారి వానలు బాగా పడితే రండి. మరవ పారుతుంది!’’

ఆంధ్ర మిత్రుడు లోపలి నుంచి జవాబిచ్చాడు: ‘‘కోడి పారినప్పుడు కబురు పెట్టరా, వస్తాం!’’