ఊరూ పేరూ లేని ప్రాంప్ట్

పది సర్వర్లు, పది నల్ల తెరలు. ఏ తెర ఏ మెషీన్‌దో చెప్పే ఒక్క పదం... అది కనిపించాలా, వద్దా?

రైల్లో కూర్చుని ఒకసారి ఫోన్‌లో వైఫై లిస్టు తెరవండి. రెండు రెడ్‌మీలు, మూడు గెలాక్సీలు, ఒక ఐఫోన్ కనిపిస్తాయి. పక్క సీట్లో ఫ్రెండ్ హాట్‌స్పాట్ ఆన్ చేశాడు గానీ, అందులో వాడిది ఏదో తెలీదు. "నీది ఏదిరా?" అని అడగాల్సిందే. పొరపాటున వేరేవాళ్లది నొక్కినా పోయేదేం లేదు. పాస్‌వర్డ్ తప్పంటుంది, అంతే.

ఇదే తికమక సర్వర్ల దగ్గర వస్తే? అక్కడ పాస్‌వర్డ్ ఎప్పుడో ఇచ్చేసి లోపల కూర్చుని ఉంటాం. తప్పు మెషీన్‌లో కమాండ్ కొడితే "మీరు అనుకున్నది నేను కాదండీ" అని అది చెప్పదు. చెప్పిన పని చేసేస్తుంది. ఫైళ్లు తీసేయమంటే తీసేస్తుంది.

అందుకే ప్రతి కంప్యూటర్‌కీ ఒక పేరు ఉంటుంది. దాన్నే హోస్ట్‌నేమ్ అంటారు. ఆ పేరు కమాండ్ లైన్‌లో, లాగిన్ స్క్రీన్‌లో దానంతటదే కనిపించాలా, లేక కావాలనుకున్నవాళ్లే పెట్టుకోవాలా? వినడానికి చిన్న విషయం. కానీ దీని వెనక పెద్ద నష్టాలే ఉన్నాయి.

ఇంటిపేరు వెనక వస్తుంది

టెర్మినల్ తెరిస్తే మొదట కనిపించేది ప్రాంప్ట్. ఉబుంటులో అయితే దాదాపు ఇలా ఉంటుంది: రవి@ల్యాప్‌టాప్:~$

ఎట్ గుర్తుకి ముందున్నది మనిషి, తర్వాత ఉన్నది మెషీన్. మనం ఇంటిపేరు ముందు రాసి, మన పేరు తర్వాత రాస్తాం. ఇక్కడ మనిషి పేరు ముందు, ఇంటిపేరు వెనక. ఆ పక్కన మీరున్న ఫోల్డర్. చివర డాలర్ గుర్తుంటే మీరు మామూలు యూజర్. హ్యాష్ గుర్తుంటే రూట్, అంటే ఆ మెషీన్‌లో దేన్నైనా మార్చగల అధికారం ఉన్నవారు.

ఎవరు, ఎక్కడ, ఏ ఫోల్డర్‌లో, ఎంత అధికారంతో... నాలుగు ప్రశ్నలకి ఒక్క లైన్‌లో జవాబు. ఇందులో "ఎక్కడ" అన్నదాన్నే చాలామంది అనవసరం అని తీసేస్తుంటారు.

ఒక్క అంకె తేడా

2017 జనవరి 31. ప్రోగ్రామర్లు కోడ్ దాచుకునే గిట్‌ల్యాబ్ సైట్‌లో డేటాబేస్ ఇబ్బంది పెడుతోంది. వాళ్లకి రెండు ముఖ్యమైన డేటాబేస్ సర్వర్లు. డీబీ1 అసలుది, డీబీ2 దానికి నకలు. నకలు తీసే పని ఆగిపోయింది. దాన్ని మళ్లీ మొదలుపెట్టాలంటే డీబీ2లో పాత డేటా ఫోల్డర్ ఖాళీ చేయాలి. రాత్రి పొద్దుపోయే దాకా పనిచేస్తున్న ఇంజినీర్ ఆ కమాండ్ కొట్టారు. కానీ కొట్టింది డీబీ1లో.

ఒకటి రెండు సెకన్లలోనే గమనించి ఆపేశారు. అప్పటికే సుమారు 300 జీబీ డేటా పోయింది. బ్యాకప్‌లు చూస్తే ఒక్కటీ సరిగ్గా పనిచేయడం లేదు. అదృష్టం కొద్దీ సుమారు 6 గంటల ముందు వేరే పని కోసం తీసిన ఒక కాపీ మిగిలింది. దాన్నుంచే సైట్‌ని నిలబెట్టారు. సుమారు 18 గంటలు సైట్ మూతపడింది. ఆ మధ్య 6 గంటల్లో జనం చేసిన పని తిరిగి రాలేదు. కంపెనీ లెక్క ప్రకారం గరిష్ఠంగా 5,000 ప్రాజెక్టులు, 5,000 కామెంట్లు, 700 కొత్త యూజర్ అకౌంట్లపై ప్రభావం పడింది.

గిట్‌ల్యాబ్ దీన్ని దాచలేదు. ఏం జరిగిందో పూర్తిగా రాసి బయటపెట్టింది. ఇకపై చేయాల్సిన పనుల లిస్టులో బ్యాకప్‌ల సంగతితో పాటు ఒక చిన్న పని కూడా ఉంది. ఏ మెషీన్‌లో ఉన్నాం, అది అసలు సర్వరా, పరీక్షల కోసం పెట్టినదా అన్నది స్పష్టంగా తెలిసేలా అన్ని మెషీన్లలో ప్రాంప్ట్ మార్చడం. అంత పెద్ద ప్రమాదం తర్వాత తీసుకున్న జాగ్రత్తల్లో ఒకటి, ఒక లైన్‌లో పేరు సరిగ్గా కనబడేలా చేయడం!

ఎవరి డిఫాల్ట్ ఏంటి?

డిఫాల్ట్ అంటే మనం ఏమీ మార్చకపోతే వచ్చేది. చాలామంది దాన్ని మార్చరు కాబట్టి, దాన్ని ఎంచుకున్నవాళ్లు లక్షల మంది తరఫున నిర్ణయం తీసుకున్నట్టే.

లైనక్స్‌లో ఎక్కువగా వాడే బ్యాష్ షెల్‌ని ఏ మార్పూ లేకుండా నడిపితే "బ్యాష్-5.1$" లాంటిది చూపిస్తుంది. తన పేరు, తన వెర్షన్ చెబుతుంది గానీ మీరెక్కడున్నారో చెప్పదు. డెబియన్, ఉబుంటు, ఫెడోరా వాళ్లు దీన్ని మార్చి యూజర్ పేరు, మెషీన్ పేరు కలిపి ఇస్తున్నారు. జెడ్‌షెల్ మాత్రం మొదట్నుంచీ మెషీన్ పేరునే చూపిస్తుంది. 2019 నుంచి మ్యాక్‌లో డిఫాల్ట్ షెల్ అదే. అక్కడ యూజర్, మెషీన్, ఫోల్డర్ మూడూ ఉంటాయి. విండోస్ కమాండ్ ప్రాంప్ట్‌లో ఫోల్డర్ దారి తప్ప ఇంకేం ఉండదు. మీ ఆండ్రాయిడ్ ఫోన్‌లో టెర్మక్స్ ఉంటే తెరిచి చూడండి. ఒక టిల్డె గుర్తు, ఒక డాలర్ గుర్తు, అంతే.

ఇక కాలేజీ కుర్రాళ్లంతా ఇష్టంగా వేసుకునే అలంకారాలు ఉన్నాయి కదా! ఓ మై జెడ్‌షెల్ వేస్తే డిఫాల్ట్‌గా వచ్చే థీమ్‌లో ఒక బాణం, ఫోల్డర్ పేరు, గిట్ బ్రాంచ్ కనిపిస్తాయి. మెషీన్ పేరు పోతుంది. స్టార్‌షిప్ అనే టూల్ మధ్యేమార్గం పట్టింది. సొంత ల్యాప్‌టాప్‌లో ఉంటే పేరు చూపించదు. ఎస్ఎస్‌హెచ్ ద్వారా వేరే మెషీన్‌లోకి వెళ్తేనే చూపిస్తుంది.

ప్రాంప్ట్ రాసేది ఎవరు?

స్టార్‌షిప్ పద్ధతి తెలివైనదే. పేరు లేదంటే ఇంట్లో ఉన్నట్టు, పేరు ఉందంటే బయట ఉన్నట్టు. కానీ కొత్తవాళ్లకి తెలియని మెలిక ఒకటుంది. ప్రాంప్ట్‌ని తయారుచేసేది మీ ముందున్న ల్యాప్‌టాప్ కాదు. మీరు లాగిన్ అయిన మెషీన్. మీ ల్యాప్‌టాప్‌లో ఎంత అందంగా సెట్ చేసుకున్నా, ఎస్ఎస్‌హెచ్ కొట్టి అవతలికి వెళ్లగానే అక్కడి సెట్టింగే నడుస్తుంది.

అవతలి సర్వర్‌లో స్టార్‌షిప్ లేదనుకోండి. అక్కడ ఒట్టి "బ్యాష్-5.1$" వచ్చిందనుకోండి. లేదా ఆల్పైన్ కంటైనర్‌లోకి వెళ్తే ఒక స్లాష్, ఒక హ్యాష్ మాత్రమే వచ్చాయనుకోండి. ఇప్పుడు పేరు లేకపోవడానికి రెండు అర్థాలు. ఒకటి, సొంత ల్యాప్‌టాప్‌లో ఉన్నాం. రెండు, ఎక్కడున్నామో చెప్పని మెషీన్‌లో ఉన్నాం. రాత్రి 2 గంటలకి నిద్రకళ్లతో చూసేవారికి ఈ రెండూ ఒకేలా ఉంటాయి.

అందుకే నా మాట ఇది: సొంత ల్యాప్‌టాప్‌లో పేరు దాచుకోవడం మీ ఇష్టం. సర్వర్‌లో మాత్రం పేరు చూపించడమే డిఫాల్ట్ కావాలి. ఎందుకంటే సర్వర్‌లోకి వచ్చేది మీరొక్కరే కాదు. సెలవులో ఉన్నవారి బదులు వచ్చేవారు, నిన్న చేరిన ఫ్రెషర్, హైదరాబాద్‌లో నైట్ షిఫ్ట్‌లో కూర్చుని ఇంకో దేశంలో ఉన్న మెషీన్‌ని చూసుకునేవారు, అందరూ వస్తారు. వాళ్లకి ఆ మెషీన్ కంటికి కనిపించదు. వాళ్ల దగ్గరున్న ఆనవాలు ఆ పేరొక్కటే.

వద్దనేవాళ్ల మాటలోనూ నిజం ఉంది

"లైన్ పొడుగైపోతోంది" అంటారు. నిజమే, చిన్న స్క్రీన్‌లో ఇబ్బందే. కానీ బ్యాష్‌లో పేరుని మొదటి చుక్క దాకా మాత్రమే చూపించే వీలుంది. ఫోల్డర్ దారిని కూడా కుదించొచ్చు. "ఎక్కడ" అన్నదాన్ని తీసేయడం కన్నా ఇది మేలు.

"స్క్రీన్‌షాట్ పెడితే నా పేరు బయటపడుతోంది" అంటారు. ఇదీ నిజమే. కొత్త మ్యాక్ సెట్ చేసేటప్పుడు మీ పేరునే ముందు పెట్టి, వెనక మ్యాక్‌బుక్ ఎయిర్ అని తగిలిస్తుంది. ఆ పేరు ప్రాంప్ట్‌లోనే కాదు, మీరు కలిసే పబ్లిక్ వైఫైలో కూడా తిరుగుతుంది. ఇంటర్నెట్ ప్రమాణాలు రాసే ఐఈటీఎఫ్ 2017 మార్చిలో ఆర్ఎఫ్‌సీ 8117 పేరుతో దీని మీద ఒక పత్రమే తెచ్చింది. హోస్ట్‌నేమ్ ఆధారంగా మనిషిని వెంబడించొచ్చు అన్నది దాని హెచ్చరిక. అయితే దీనికి మందు ప్రాంప్ట్‌లో పేరు దాచడం కాదు, పేరే మార్చడం. ఇలాంటి సలహా 1990లోనే ఉంది. కంప్యూటర్‌కి పేరు పెట్టడం ఎలా అని చెప్పే ఆర్ఎఫ్‌సీ 1178లో "మీ సొంత పేరు పెట్టకండి" అన్నది ఒక సూచన.

"రోజూ కనిపించేది కళ్లకి ఆనదు" అంటారు. అన్నిటికన్నా బలమైన మాట ఇదే. డీబీ1, డీబీ2 అని ఒక్క అంకె తేడాతో, ఒకే రంగులో వెయ్యిసార్లు కనిపిస్తే మెదడు చదవడం మానేస్తుంది. అంటే పేరు చూపించడం మొదటి మెట్టు మాత్రమే. తేడా కొట్టొచ్చినట్టు కనబడాలి. జనం వాడుతున్న అసలు సర్వర్ ఎర్రగా, పరీక్షలకి పెట్టినది పచ్చగా ఉంటే చదవకముందే తెలిసిపోతుంది.

లాగిన్ స్క్రీన్ సంగతి

ఇంజినీరింగ్ కాలేజీ ల్యాబ్ గుర్తుందా? మానిటర్ మీద "సిస్టమ్ 23" అని స్టిక్కర్ ఉంటుంది. ఎవరో మానిటర్లు అటూ ఇటూ మార్చేస్తారు. స్టిక్కర్ మానిటర్‌తో వెళ్లిపోతుంది, కంప్యూటర్ ఇక్కడే ఉంటుంది. విండోస్ లాగిన్ స్క్రీన్‌లో మామూలుగా మనిషి పేరు, ఫొటో ఉంటాయి గానీ కంప్యూటర్ పేరు ఉండదు.

లైనక్స్ సర్వర్‌కి మానిటర్ పెడితే వేరే సంగతి. అక్కడ లాగిన్ అడిగే అగెట్టీ ప్రోగ్రాం డిఫాల్ట్‌గా "లాగిన్" అనే పదానికి ముందు మెషీన్ పేరు వేస్తుంది. వద్దనుకునేవాళ్లకి విడిగా ఒక ఆప్షన్ ఇచ్చింది. ఇది సరైన వరస. బ్రౌజర్‌లో నాలుగు ట్యాబ్‌లలో నాలుగు క్లౌడ్ సర్వర్ల కన్సోళ్లు తెరుచుకున్నవారికి పాస్‌వర్డ్ కొట్టకముందే ఏది ఏదో తెలియాలి కదా!

సెక్యూరిటీ మాటేంటి? కంపెనీలు బాగా వాడే సీఐఎస్ నియమాల్లో లాగిన్ బ్యానర్‌లో ఆపరేటింగ్ సిస్టమ్ పేరు, రిలీజ్, వెర్షన్, ప్రాసెసర్ రకం చూపించొద్దని ఉంది. ఏ లోపం మీద దాడి చేయొచ్చో వాటిని బట్టి తెలిసిపోతుంది. ఆ నాలుగింటిలో మెషీన్ పేరు లేదు. అయితే కంపెనీ రహస్యాలు విప్పే పేరు పెట్టకపోవడం మన బాధ్యత.

పేరున్నా లేనట్టే

పేరు చూపించినా అది లోకల్‌హోస్ట్ అని ఉంటే ఏం లాభం? రాస్‌ప్‌బెర్రీ పై బోర్డులన్నిటికీ మొదట్లో ఒకటే పేరు, రాస్‌ప్‌బెర్రీపై. మూడు బోర్డులు కొంటే ముగ్గురు కవలలు. డాకర్ కంటైనర్‌లోకి వెళ్తే అంకెలు, అక్షరాలు కలిసిన 12 గుర్తుల వరస. అమెజాన్ క్లౌడ్‌లో కొత్త లైనక్స్ మెషీన్ తీసుకుంటే సాధారణంగా ఐపీ అడ్రసే పేరు. కంప్యూటర్‌కి అది చాలు. మనిషికి చాలదు. గోదావరి, తుంగభద్ర అని పెట్టుకున్నా, పని తెలిసేలా "బిల్లింగ్-అసలు", "బిల్లింగ్-టెస్ట్" అని పెట్టుకున్నా కంటికి తేడా తెలుస్తుంది.

ఇవాళే చేయదగ్గవి

ముందుగా మీరు వాడే ప్రతి మెషీన్‌లో హోస్ట్‌నేమ్ అనే కమాండ్ కొట్టి చూడండి. రెండింటికి ఒకే పేరుంటే హోస్ట్‌నేమ్‌సీటీఎల్ కమాండ్‌తో మార్చండి.

తర్వాత బ్యాష్‌ఆర్‌సీ ఫైల్‌లో పీఎస్1 అనే లైన్ చూడండి. అందులో బ్యాక్‌స్లాష్ పక్కన చిన్న హెచ్ ఉంటే మెషీన్ పేరు వస్తుంది. పెద్ద హెచ్ అయితే పూర్తి పేరు. అసలు సర్వర్‌కి ఎర్ర రంగు పెట్టేటప్పుడు రంగు కోడ్‌కి రెండు వైపులా బ్యాక్‌స్లాష్‌తో చదరపు బ్రాకెట్లు వేయాలి. లేకపోతే పొడుగు కమాండ్ కొట్టినప్పుడు లైన్లు ఒకదానిమీద ఒకటి పడతాయి. ఈ మార్పు చేయాల్సింది సర్వర్‌లో అని మర్చిపోకండి.

డెబియన్, ఉబుంటు వాడేవాళ్లు మాలీ-గార్డ్ అనే చిన్న ప్యాకేజీ వేసుకోండి. ఎస్ఎస్‌హెచ్‌లో ఉండి సర్వర్‌ని ఆపమంటే ఇది వెంటనే ఆపదు. "ఏ మెషీన్‌ని ఆపాలి? పేరు టైప్ చేయండి" అంటుంది. పేరు తప్పితే ఆపదు. ఒక ప్రోగ్రామర్ చిన్న కూతురు మాలీ ఒకే రోజు రెండుసార్లు పెద్ద కంప్యూటర్ ఎర్ర స్విచ్ నొక్కేస్తే దానికి మూత పెట్టారట. ఆ మూత పేరే దీనికి వచ్చింది.

పేరు కళ్ల ముందుంటే సరిపోదు, ఒక్కోసారి చేత్తో రాయించాలి అని కనిపెట్టినవాళ్ల పని ఇది. కానీ రాయాలంటే ముందు ఆ పేరు ఎక్కడో ఒకచోట కనిపించాలి. ఏదైనా తీసేసే కమాండ్ కొట్టే ముందు ఎంటర్ మీద నుంచి వేలు తీసి, ఎట్ గుర్తు తర్వాత ఏముందో ఒక్కసారి చదవండి. అక్కడ ఏమీ లేకపోతే, మొదట చేయాల్సిన పని అదే.