సాల్ పెర్ల్‌మటర్

సాల్ పెర్ల్‌మటర్ (జననం: సెప్టెంబరు 22, 1959) అమెరికాకు చెందిన ఖగోళ భౌతిక శాస్త్రవేత్త, బర్కిలీలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయంలో భౌతికశాస్త్ర ఆచార్యుడు. విశ్వవ్యాకోచం నానాటికీ వేగం పుంజుకుంటున్నదని కనుగొన్నందుకు 2011లో నోబెల్ బహుమతి పొందాడు. 2013లో అదే విశ్వవిద్యాలయంలో దత్తాంశ శాస్త్ర (డేటా సైన్స్) సంస్థ ఏర్పడినప్పుడు దానికి సంచాలకుడయ్యాడు.

బాల్యం, విద్యాభ్యాసం

ఈయన ఇల్లినాయ్ రాష్ట్రంలో జన్మించి, ఫిలడెల్ఫియాలో పెరిగాడు. తల్లిదండ్రులిద్దరూ ఆచార్యులే. తండ్రి డేనియల్ రసాయన ఇంజనీరింగు, తల్లి ఫెలీస్ సామాజిక సేవా పాలన బోధించేవారు. 1981లో హార్వర్డులో భౌతికశాస్త్ర పట్టా పొంది, 1986లో బర్కిలీలో రిచర్డ్ ముల్లర్ పర్యవేక్షణలో డాక్టరేటు పూర్తిచేశాడు. సూర్యునికి నెమిసిస్ అనే కనిపించని జంట నక్షత్రం ఉన్నదా అన్నది ఈయన సిద్ధాంత వ్యాసపు విషయం. అటువంటి నక్షత్రం నేటికీ కనబడలేదు.

సూపర్‌నోవాల అన్వేషణ

1988లో కార్ల్ పెన్నీపేకర్‌తో కలిసి సూపర్‌నోవా కాస్మాలజీ ప్రాజెక్టును ప్రారంభించాడు. శ్వేత కుబ్జతార ద్రవ్యరాశి చంద్రశేఖర్ అవధిని, అనగా సూర్యునికి సుమారు 1.4 రెట్లను, సమీపించినప్పుడు జరిగే విస్ఫోటనాన్ని 1ఎ రకపు సూపర్‌నోవా అంటారు. వీటి నిజకాంతి ఇంచుమించు ఒకే విధంగా ఉంటుంది. కనుక మనకు కనబడే కాంతిని బట్టి దూరాన్ని లెక్కకట్టవచ్చును.

అయితే ఒక గెలాక్సీలో ఇవి వెయ్యేండ్లకు ఒకటో రెండో మాత్రమే సంభవిస్తాయి, కొద్ది వారాలలో మసకబారిపోతాయి. ఎక్కడ, ఎప్పుడు పేలుతుందో తెలియని నక్షత్రం కోసం పెద్ద దూరదర్శినిపై ముందుగా సమయం కోరడం కష్టం. ఈ చిక్కును పెర్ల్‌మటర్ బృందం గణన పద్ధతితో విడదీసింది. అమావాస్య దాటగానే వేల గెలాక్సీల చిత్రాలు తీసి, సుమారు మూడు వారాల తరువాత అవే ప్రాంతాలను మళ్ళీ చిత్రించి, కంప్యూటరు సాయంతో ఒకదాని నుండి మరొకదానిని తీసివేసేవారు. మిగిలిన కాంతి బిందువులలో సూపర్‌నోవాలు దొరికేవి. ఈ విధంగా ఫలానా తేదీకి కొత్త సూపర్‌నోవాలు సిద్ధంగా ఉంటాయని ముందే చెప్పగలిగారు.

త్వరణం ఆవిష్కరణ

గురుత్వాకర్షణ వలన విశ్వవ్యాకోచం క్రమంగా మందగిస్తుందని, ఆ మందగమనాన్ని కొలవవచ్చునని వీరు భావించారు. కాని 42 సుదూర సూపర్‌నోవాలు ఊహించినదానికంటె మసకగా, అనగా ఎక్కువ దూరంలో, కనిపించాయి. వ్యాకోచం వేగం పుంజుకుంటున్నదని దాని అర్థం. బ్రయన్ ష్మిట్, ఆడమ్ రీస్‌ల పోటీ బృందం 1998లో విడిగా ఇదే నిర్ణయానికి వచ్చింది. పెర్ల్‌మటర్ బృందపు పత్రం 1999లో వెలువడింది. రెండు బృందాలూ ఏకీభవించడం వలన ఈ ఫలితానికి బలం చేకూరింది. ఈ త్వరణానికి కారణమైనదానికి డార్క్ ఎనర్జీ (కృష్ణశక్తి) అని పేరు. దాని స్వభావం నేటికీ తేలలేదు.

దత్తాంశ శాస్త్రం, బోధన

2013 నాటి దత్తాంశ శాస్త్ర కార్యక్రమానికి మూర్, స్లోన్ ఫౌండేషన్లు బర్కిలీ, న్యూయార్క్, వాషింగ్టన్ విశ్వవిద్యాలయాలకు కలిపి ఐదేళ్ళకు 3.78 కోట్ల డాలర్లు ప్రకటించాయి. దత్తాంశం ఎంత పెరిగినా, పరిశోధకుడు తాను కోరుకున్న జవాబునే అందులో చూసే ప్రమాదం ఉంటుంది. దీనికి విరుగుడుగా పెర్ల్‌మటర్ అంధ విశ్లేషణను సమర్థించాడు. ఇందులో లెక్కకట్టే పద్ధతి ఖరారయ్యేవరకు తుది ఫలితాన్ని పరిశోధకుల నుండే దాచి ఉంచుతారు. ఫలితం నచ్చినప్పుడు తనిఖీ ఆపివేయడం, నచ్చనప్పుడు మాత్రమే తప్పులు వెదకడం దీనివలన తప్పుతుంది.

తత్వశాస్త్ర ఆచార్యుడు జాన్ కాంప్‌బెల్, మనస్తత్వ శాస్త్రవేత్త రాబర్ట్ మెకూన్‌లతో కలిసి శాస్త్రీయ ఆలోచనా రీతిని అన్ని శాఖల విద్యార్థులకు బోధించాడు. ఆ పాఠాల నుండి 2024లో ముగ్గురి పేరిట "థర్డ్ మిలీనియం థింకింగ్" అనే గ్రంథం వెలువడింది.

పురస్కారాలు

* 2002: అమెరికా జాతీయ విజ్ఞాన అకాడమీ సభ్యత్వం
* 2006: షా బహుమతి (రీస్, ష్మిట్‌లతో)
* 2011: నోబెల్ బహుమతిలో సగభాగం (మిగిలిన సగం ష్మిట్, రీస్‌లకు)