యంత్రాలు కొంటే చదువు వస్తుందా?
మలప్పురం జిల్లా మనకు చెబుతున్న పాఠం

ఈ రోజుల్లో పిల్లవాణ్ణి బడిలో చేర్చబోయే తండ్రిని ముందుగా ఆకర్షించేది బడి గోడ మీది బోర్డు. 'డిజిటల్ తరగతులు', 'స్మార్ట్ బోర్డులు', 'అంతర్జాతీయ ప్రమాణాలు' అని పెద్ద అక్షరాలతో రాసి ఉంటుంది. దానికి తగ్గట్టే ఫీజూ ఉంటుంది. ఆటో నడిపే తండ్రి, ఇంట్లో మిషను కుట్టే తల్లి ఆ ఫీజు కోసం అప్పు చేస్తారు, ఉన్న కాస్త బంగారం తాకట్టు పెడతారు. పిల్లలు ప్రపంచంతో పోటీ పడాలన్నది వారి ఆశ. ఆ ఆశను తప్పు పట్టడానికి ఎవరికీ హక్కు లేదు. అయితే కడుపు కట్టుకుని కట్టే ఆ డబ్బుకు పిల్లవాడికి దక్కుతున్నది చదువా, గోడకు తగిలించిన తెరా అన్నది మనం ఆలోచించవలసిన విషయం.

పోటీ ఉన్నమాట నిజం. ఒకప్పుడు కడప, నిజామాబాద్, కరీంనగర్, హైదరాబాద్ పాతబస్తీల నుండి గల్ఫ్ వెళ్లిన మనవాళ్లకు పాస్‌పోర్టు, ఒంట్లో సత్తువ ఉంటే సరిపోయేది. ఇప్పుడు గోదాములో సరుకు లెక్క చూసేవాడికీ, ఆసుపత్రిలో పేరు నమోదు చేసేవాడికీ కంప్యూటరు తప్పదు. ఆ విద్య రానివాడు తక్కువ జీతం దగ్గరే ఆగిపోతాడు. కాబట్టి మన పిల్లలకు ఈ విద్య కావాలా వద్దా అనే ప్రశ్న ఎప్పుడో తీరిపోయింది. దాన్ని ఎలా సంపాదించాలన్నదే మిగిలిన ప్రశ్న. దీనికి సమాధానం కోసం అమెరికా దాకా పోనక్కరలేదు. పక్కనే ఉన్న కేరళలోని మలప్పురం చూస్తే చాలు.

ఇంటికొకరు

2011 జనాభా లెక్కల ప్రకారం మలప్పురం జిల్లా జనాభాలో నూటికి 70 మంది ముస్లింలు. గల్ఫ్ సంపాదన మీద ఆధారపడిన కుటుంబాలు అక్కడ లెక్కలేనన్ని. చదువు విషయంలో ఒకప్పుడు కేరళలో వెనుకబడిన జిల్లాగానే దానికి పేరు. అలాంటి జిల్లాను ఎంచుకుని 2002 నవంబరులో కేరళ ప్రభుత్వం 'అక్షయ' పథకం మొదలుపెట్టింది. ఆనాటి రాష్ట్రపతి ఎ.పి.జె. అబ్దుల్ కలాం దాన్ని ప్రారంభించారు.

పథకం లక్ష్యం చాలా సూటిగా ఉండేది. ప్రతి ఇంటి నుండి ఒక్కరికైనా కంప్యూటరు వాడటం నేర్పాలి. అందుకోసం ఊళ్లలో నడిచి వెళ్లగల దూరంలో కేంద్రాలు తెరిచారు. పంచాయతీలు ఖర్చులో పాలు పంచుకున్నాయి. పెళ్లయిన ఆడవాళ్లు, అత్తగార్లు సైతం పెద్ద సంఖ్యలో వచ్చి నేర్చుకున్నారు. దూరదేశంలో ఉన్న భర్తకో కొడుక్కో కబురు పంపడం, వారి మాట వినడం వారికి మొదటి ఆకర్షణ. అవసరం ముందు వచ్చింది, యంత్రం దాని వెనక వచ్చింది. అందుకే ఆ చదువు నిలిచింది.

అయితే మలప్పురాన్ని కంప్యూటరు ఒక్కటే మార్చిందని చెబితే అది అన్యాయం. అక్కడి జిల్లా పంచాయతీ 'విజయభేరి' పేరుతో పదో తరగతిలో వెనుకబడిన పిల్లలకు ప్రత్యేక తరగతులు నడిపించింది. తల్లిదండ్రులను బడికి పిలిపించి కూర్చోబెట్టి మాట్లాడింది. బడి, ఊరు, ఇల్లు మూడూ కలిసి పనిచేశాయి.

ముందు గురువు, తర్వాత యంత్రం

కేరళ ప్రభుత్వ బడుల్లో ఈ పని 2001లోనే మొదలైంది. 'ఐటీ ఎట్ స్కూల్' అనే పథకం కింద ముందుగా ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. లెక్కలు, సైన్సు, సాంఘిక శాస్త్రం చెప్పేవారికే తమ పాఠంలో కంప్యూటరును ఎలా వాడాలో నేర్పారు. దానికంటూ వేరే మాస్టారు వచ్చి వారానికి ఒక గంట చూపించి వెళ్లిపోయే పద్ధతిని పెట్టుకోలేదు. మరో ముఖ్యమైన సంగతి ఏమిటంటే, లైసెన్సు రుసుము లేకుండా ఎవరైనా వాడుకోగల లినక్స్ ఆధారిత సాఫ్ట్‌వేరును బడుల్లో పెట్టుకున్నారు. దాంతో కోట్ల రూపాయల ఖర్చు తప్పింది. బడిలో వాడిన సాఫ్ట్‌వేరునే పేద ఇంటి పిల్లవాడు కూడా పైసా ఇవ్వకుండా ఇంట్లో వాడుకోవచ్చు.

2005లో విద్యార్థుల కోసం 'విక్టర్స్' అనే టీవీ ఛానల్ వచ్చింది. 2018 నుండి 4,700కు పైగా ఉన్నత పాఠశాలలు, హయ్యర్ సెకండరీ పాఠశాలల్లో 45,000 తరగతి గదులకు ల్యాప్‌టాప్, ప్రొజెక్టరు, ఇంటర్నెట్ అమర్చారు. అదే సంవత్సరం 'లిటిల్ కైట్స్' పేరుతో పిల్లల క్లబ్బులు పెట్టారు. ఆ క్లబ్బుల్లో పిల్లలు బొమ్మలకు కదలిక ఇవ్వడం, చిన్న చిన్న ఎలక్ట్రానిక్ పరికరాలు చేయడం నేర్చుకుంటారు. తమ మాతృభాషను కంప్యూటరులో రాయడమూ నేర్చుకుంటారు. 2022లో ఈ పిల్లలే తల్లులను బడికి పిలిచి ఇంటర్నెట్ మోసాల నుండి ఎలా కాపాడుకోవాలో పాఠం చెప్పారు. 2024లో ఏడో తరగతి పాఠ్యపుస్తకంలోకి కృత్రిమ మేధ కూడా వచ్చింది. దానికి ముందు వేల సంఖ్యలో ఉపాధ్యాయులకు అందులో శిక్షణ ఇచ్చారు. ఈ వరుసను గమనించండి. ప్రతిసారీ గురువు ముందు, యంత్రం తర్వాత.

కష్టకాలంలో పరీక్ష

2020లో కరోనా వచ్చి బడులు మూతపడ్డాయి. జూన్ 1న కేరళ 'ఫస్ట్ బెల్' పేరుతో టీవీలో పాఠాలు మొదలుపెట్టింది. మలయాళం పాఠాలతో ఆగకుండా తమిళ, కన్నడ మాధ్యమాల పిల్లలకూ, అరబీ, ఉర్దూ, సంస్కృతం చదివే పిల్లలకూ పాఠాలు తయారు చేశారు. అంత ముందున్న రాష్ట్రంలోనే రెండున్నర లక్షల మందికి పైగా పిల్లల ఇళ్లలో టీవీ గాని, ఇంటర్నెట్ ఉన్న ఫోను గాని లేదని లెక్క తేలింది. అప్పుడు గ్రంథాలయాలు, అంగన్‌వాడీలలో టీవీలు పెట్టారు. ఊరివాళ్లు తమ వంతుగా పరికరాలు ఇచ్చారు. లోపాన్ని దాచకుండా లెక్కపెట్టారు కాబట్టే దాన్ని పూడ్చడానికి దారి దొరికింది.

మన దగ్గరా ఆ ఏడాది సెప్టెంబరు 1 నుండి తెలంగాణలో దూరదర్శన్ యాదగిరి, టీ-శాట్ ఛానళ్లలో పాఠాలు వచ్చాయి. కాని ఇంట్లో ఉన్న ఒకే ఒక్క ఫోను తండ్రితో పాటు పనికి వెళ్లిపోయిన ఇళ్లు ఎన్ని! ఉన్న ఫోను అన్న చేతికి వెళ్లి, చెల్లెలు వంటింట్లోకి వెళ్లిన ఇళ్లు ఎన్ని! ఆ గండం గడిచిపోయినా ఆ అలవాటు ఇంకా కొన్ని ఇళ్లలో అలాగే ఉండిపోయింది.

పెరూ అనుభవం

వట్టి యంత్రాలు పంచితే ఏమవుతుందో దక్షిణ అమెరికాలోని పెరూ దేశం చూసింది. అక్కడి ప్రభుత్వం 2008 నుండి పిల్లలకు 8 లక్షలకు పైగా చిన్న ల్యాప్‌టాప్‌లు పంచింది. 319 గ్రామీణ పాఠశాలలను పరిశీలించిన అధ్యయనం 2012లో వెలువడింది. యంత్రాలు అందిన పిల్లలకు లెక్కల్లో గాని, భాషలో గాని మిగతావారికంటే ఎక్కువేమీ రాలేదని అది తేల్చింది. 2015లో ఓఈసీడీ అనే అంతర్జాతీయ సంస్థ కూడా ఇదే మాట చెప్పింది. బడుల్లో కంప్యూటర్ల మీద భారీగా ఖర్చు పెట్టిన దేశాల్లో పిల్లల చదువు చెప్పుకోదగినంతగా మెరుగుపడలేదని దాని నివేదిక సారాంశం.

మన సంగతి

తెలుగునాట ప్రయత్నాలు లేకపోలేదు. 2022 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్‌లో ఎనిమిదో తరగతి పిల్లలకూ, ఉపాధ్యాయులకూ కలిపి 5 లక్షలకు పైగా ట్యాబ్‌లు పంచారు. తెలంగాణలో 2016 నుండి మైనారిటీ గురుకులాలు వచ్చాయి. వాటి సంఖ్య 204కు చేరింది. వేలాది మంది ముస్లిం ఆడపిల్లలు ఇంగ్లీషు మాధ్యమంలో ఉచితంగా చదివే అవకాశం వాటితో కలిగింది. ప్రభుత్వాలు ఇచ్చినదాన్ని పూర్తిగా రాబట్టుకోవడం మాత్రం మన చేతిలో ఉంది.

అందుకే తల్లిదండ్రులకు మేము చేసే విన్నపం ఒక్కటే. బోర్డు చదివి డబ్బు కట్టకండి, లోపలికి వెళ్లి అడగండి. ఈ తెర వారానికి ఎన్ని గంటలు పనిచేస్తుంది? చెడిపోతే ఎన్ని రోజుల్లో బాగుచేస్తారు? పాఠం చెప్పే టీచరుకు శిక్షణ ఎవరిచ్చారు? మా పిల్ల స్వయంగా మీటలు నొక్కుతుందా, వెనక బెంచీ నుండి చూస్తూ కూర్చుంటుందా? ప్రభుత్వ బడిలోనూ ఇవే ప్రశ్నలు వేయండి. ఉర్దూ మాధ్యమం బడి అయితే, పాఠాలు ఉర్దూలో ఉన్నాయా అని కూడా అడగండి. పిల్లవాడికి అర్థం కాని భాషలో ఎంత గొప్ప బొమ్మ చూపించినా అది తమాషాగానే మిగిలిపోతుంది.

మన మొహల్లాలలోని కమిటీలు, షాదీఖానాలు, మదరసాలు సాయంత్రం పూట రెండు గంటలు ఒక గది ఇవ్వగలిగితే, నాలుగు పాత కంప్యూటర్లు, ఉచిత సాఫ్ట్‌వేరుతో పని మొదలుపెట్టవచ్చు. ఇంజనీరింగు చదివిన యువకులు, ముఖ్యంగా యువతులు మన వీధుల్లో ఇప్పుడు కొదవ లేదు. వారానికి ఒక పూట వారు ముందుకు వస్తే చాలు. ఆడపిల్లలకు వేరే సమయం కేటాయిస్తే తల్లులూ వస్తారు. కూడికలు, తీసివేతలు, తప్పుల్లేకుండా చదవడం, రాయడం అక్కడే గట్టిపడాలి. పునాది లేని ఇంటికి అద్దాల కిటికీలు పెట్టి ప్రయోజనం లేదు.

మలప్పురం తల్లులు పెద్ద చదువులు చదివి కంప్యూటరు ముందు కూర్చోలేదు. తమ ఊళ్లో, నడిచి వెళ్లే దూరంలో, తమకు తెలిసిన భాషలో నేర్పేవారు దొరికారు కాబట్టి కూర్చున్నారు. ఆ మూడూ మన పిల్లలకు కూడా దొరికేలా చూడటమే ఇప్పుడు మన బాధ్యత. ఫోను అన్నకు ఒక గంట ఇస్తే చెల్లెలికీ ఒక గంట ఇద్దాం. ఈ పనికి ఏ ప్రభుత్వ ఉత్తర్వూ అక్కరలేదు. మన ఇంట్లో ఈ రోజే మొదలుపెట్టవచ్చు.