పాత ప్రొజెక్టర్‌కు డీటీఎస్ ఎలా బిగించారు?

మీ అమ్మానాన్నలను అడగండి, సినిమా పోస్టర్ల మీద ‘డీటీఎస్’ అని పెద్దగా వేసిన రోజులు గుర్తుంటాయి. ఆ కొత్త ధ్వని పద్ధతి కోసం పాత ప్రొజెక్టర్లను పారేయాల్సి వచ్చిందా? లేదు!

పాత పద్ధతిలో రీలు అంచున సన్నని ధ్వని గీత ఉండేది. దాని గుండా బల్బు వెలుగు పోతే, ఫొటోసెల్ ఆ హెచ్చుతగ్గులను కరెంటుగా మార్చేది. గీతకు దుమ్ము పట్టిందా, చిటపటలే.

1993లో ‘జురాసిక్ పార్క్’ సినిమాతో వచ్చిన డీటీఎస్ పద్ధతి, ధ్వనిని సీడీల్లో పెట్టింది. రీలు మీద బొమ్మకూ పాత గీతకూ మధ్య టైమ్‌కోడ్ అచ్చయ్యేది. ప్రొజెక్టర్ పైన బిగించిన చిన్న రీడర్ దాన్ని చదివి, సీడీలో ఏ చోటు మోగాలో చెప్పేది. రీలు తెగి, కొంత ముక్క పోయినా ధ్వని తప్పిపోయేది కాదు. ఎంత చక్కని ఆలోచన!

కానీ రీడర్ పైన ఉండేది, బొమ్మ మీద వెలుగు పడే చోటు కింద ఉండేది. మధ్యలో 48 ఫ్రేములుంటే, సెకనుకు 24 చొప్పున 2 సెకన్లు. ధ్వనిని అంతసేపు ఆపి వదిలితేనే పెదవులూ మాటలూ కలిసేవి.